నీళ్ల కాడి మనుషులు

స్పెయిన్ దేశపు పాత మ్యాపులు చూడనీకి అల్ ఖర్జ్ నుంచి జెద్దా దాంక పోతున్న అంటే మా క్యాంపుల ఒక్కడు నమ్మలే. వారానికి ఒక్క శుక్రవారం దొరుకుతది. బట్టలు పిండుకోవాలె, కూర వండుకోవాలె, ఇంటికి ఫోన్ చెయ్యాలె. అసొంటి రోజు పొద్దుగాల నాలుగున్నరకు లేచి బ్యాగు సర్దుతుంటే మా రూంల ఉండే గంగన్న దుప్పట్లకెళ్లి తల బయటపెట్టి, "ఏందే రాజేశం, చెప్పకుంట ఎగ్జిట్ గిట్ల కొట్టిచ్చుకొని ఇంటికి పోతున్నవా?" అన్నడు. మ్యాపుల సంగతి చెప్పిన. మళ్ల దుప్పటి కప్పుకున్నడు.

నాది మెట్‌పల్లి పక్కన ఊరు. ఐటీఐల సివిల్ డ్రాఫ్ట్స్‌మన్ చదివి పద్దెనిమిదేండ్ల కింద ఈ సౌదీకొచ్చిన. ఒక పెద్ద పాల ఫారంల నీళ్ల లైన్లు గీస్త. బోరు యాడున్నది, పైపు ఎటు పోతది, వాల్వు యాడ బిగియ్యాలె, ఆవుల షెడ్డుకు నీళ్లు ఎంత దూరంకెళ్లి రావాలె, ఇదే నా బతుకు. ఆఫీసుల కంప్యూటర్ మీదనే గీస్తం గని, సైటు మీద స్కెచ్ ఇప్పటికీ పెన్సిల్‌తోనే. గీత వంకర పోతే నాకు అన్నం సయించది. మా వాళ్లు దీన్ని రోగం అంటరు, నేను పని అంట.

ఈ ప్రయాణం నా నెత్తిన పెట్టింది మా బిడ్డ మౌనిక. హైదరాబాద్‌ల చరిత్ర మీద పీహెచ్‌డీ చేస్తున్నది. ఇంజినీరింగ్ చెయ్యమని నేను, చెయ్య అని ఆమె, ఏడేండ్ల కింద ఫోన్‌ల పెద్ద లొల్లి అయింది. "చరిత్ర చదివి మెట్‌పల్లిల ఏం జేస్తవే" అని నోటికొచ్చినట్టు అన్న. అటెన్క ఏడాది పొడుగున "తిన్నవా బాపూ, తిన్న, ఉంట మరి" అంతకంటె ఎక్కువ మాట్లాడలే. ఆమెకు ఆరేండ్లున్నప్పుడు నేను ఇమానం ఎక్కిన. రెండేండ్లకోసారి రెండు నెలలు పోయి చుట్టం లెక్క ఉండి వచ్చుడే. ఆమె మీద కోపం చేసే హక్కు గూడ నాకు సగమే ఉన్నది, అది నాకు ఎరికే.

పోయిన వారం తనంత తానే ఫోన్ చేసింది. జెద్దాల, బలద్ అనే పాతపట్నంల, పాత స్పెయిన్ మ్యాపుల ప్రదర్శన పెట్టిన్రట. దాంట్ల గ్రనాడా పక్కన ఒక చిన్న ఊరి బొమ్మ ఉన్నది, నాలుగు వందల ఏండ్లకు పైబడ్డది, కలంతో గీసింది. ఒక్కటే ప్రతి. ఎవరో సేకరణదారుది. ఇంటర్నెట్ల లేదు, అచ్చు కాలే, కరపత్రంల మాత్రం బొటనవేలి గోరంత ముద్రించిన్రు. ఫొటోలు తియ్యనియ్యరు. శనివారంతో ప్రదర్శన ఖతం. తన పీహెచ్‌డీ పుస్తకంల ఒక చాప్టర్ మొత్తం ఆ బొమ్మ చుట్టూనే రాద్దామని ఆమె ఆశ. ఆమె గైడ్ మేడం పది రోజుల గడువు పెట్టింది. చూడని బొమ్మ మీద రాయద్దు, లేకుంటే చాప్టర్ తీసెయ్యి అన్నది.

"ఆ కాలంల మామూలు జనం ఎట్ల బతికిన్రో రాజుల కాగితాలల్ల దొరకది బాపూ. ఇసొంటి బొమ్మల అంచులకు దొరుకుతది," అన్నది మౌనిక. "నువ్వు గీస్తవ్ గద. ఎట్లున్నదో అట్ల గీసుకరా. నీళ్ల కాడ ముఖ్యం. అక్కడ ఏమున్నదో ఒక్కటి గూడ ఇడిసిపెట్టకు."

ఏం కావాలన్నా వాళ్లమ్మ సుజాతనే అడుగుతది. నా చేతి పని అడిగింది ఇదే మొదటిసారి. మా ముదీర్, అంటే మేనేజర్, కాళ్లా ఏళ్లా పడి శనివారం ఒక్కరోజు సెలవు తీసుకున్న.

ఎన్కనుంచి పోయేటోళ్లకు పనికొస్తదని వివరంగ చెప్తున్న. అల్ ఖర్జ్‌ల ఐదుంబావుకు షేరింగ్ కారు ఎక్కితే గంటంబావుల రియాద్ అజీజియా బస్టాండ్. జెద్దా బస్సు ఏడున్నరకు. టికెట్ తీసుకునేటప్పుడు ఇకామా, అంటే ఈ దేశంల ఉండనిచ్చే కార్డు, చూపెట్టాలె. మాసొంటి హిందువులు ఇంకొక సంగతి ముందే చెప్పాలె: మక్కా లోపటికెళ్లి పోయే బస్సు మనకు పనికిరాదు, బైపాస్ మీదికెళ్లి పోయేది అడగాలె. చెప్పకుంట ఎక్కితే నడిమిట్ల దించుతరు. నా ముందట లైన్ల ఒక బిహారాయన అట్లనే తప్పు టికెట్ తీసుకొని మార్పిచ్చుకున్నడు. ఛార్జీ నూటెనభై రియాళ్లు. కిటికీ సీటు దొరికింది.

పక్క సీట్ల ఖలీల్ భాయ్. పాతబస్తీ మనిషి, రియాద్‌ల ఏసీలు బాగుచేస్తడు, జెద్దాల తమ్ముని దగ్గరికి పోతున్నడు. "జెద్దా మే క్యా కామ్?" అన్నడు. నక్షాలు చూడనీకి అన్న. ఆయన జేబులకెళ్లి ఫోన్ తీసి, మేం పోతున్న రోడ్డు నీలిగీతల చూపెట్టి, "యే లో, దేఖ్ లియా. అబ్ ఉతర్ జావ్," అన్నడు, చూసినవ్ గద ఇగ దిగిపో అని. ముందటి సీటాయన గూడ నవ్విండు. నాకు జర మండింది. బిడ్డ సంగతి చెప్తే మాత్రం ఖలీల్ భాయ్ ఫోన్ లోపట పెట్టుకున్నడు. "గట్ల చెప్పు మరి. బేటీ అడిగితే పోవాలె," అని తన డబ్బాలకెళ్లి రెండు ఖీమా సమోసాలు తీసి నా చేతిల పెట్టిండు.

రోడ్డు గురించి చెప్పేదేం లేదు. ఇసుక, కరెంటు స్తంభాలు, మళ్ల ఇసుక. జుమా నమాజుకు ఒక పెట్రోల్ బంకు కాడ ముప్పావుగంట ఆపిండు. నమాజుకు పోయేటోళ్లు పోయిన్రు, మేం ఆరుగురం బస్సు నీడకు నిలబడ్డం. తర్వాత అక్కడనే కబ్సా అన్నం, కోడి, పదిహేను రియాళ్లు. ఒక ప్లేటు ఇద్దరికి సరిపోతది. తాయిఫ్ వచ్చేసరికి నాలుగున్నర దాటింది. అక్కడికెళ్లి గాలి మారుతది, కిటికీ అద్దం సల్లగైతది. రాత్రి ఎనిమిదికి జెద్దాల దిగినం. బలద్‌ల ఒక పాత లాడ్జిల తొంభై రియాళ్లకు రూం. ఏసీ మోత బాగనే ఉన్నది గని, పరుపు మంచిగున్నది. తిని పండుకున్న.

శనివారం తెల్లారి ఏడింటికే బలద్ గల్లీలు తిరిగిన. పగడపు రాయితోని కట్టిన పాత ఇండ్లు, ఇంటింటికి చెక్కతోని చెక్కిన పెద్దపెద్ద కిటికీ గూళ్లు. కొన్నిటికి కొత్తగ రంగేసిన్రు, కొన్ని ఒక దిక్కు ఒరిగి ఇనుప కర్రల మీద నిలబడ్డయి. ఒక మూలమీద తమీజ్ రొట్టె, బాకల పప్పు, చాయ్ తీసుకున్న, తొమ్మిది రియాళ్లు. ప్రదర్శన అసొంటి ఒక పాత ఇంట్లనే, మూడంతస్తులు. పదింటికి తలుపు తీసిన్రు. టికెట్ లేదు. ఫోన్, బ్యాగు డబ్బాల పెట్టి తాళం ఏసుకోవాలె. కాగితం, పెన్సిల్ తీసుకపోవచ్చా అని అడిగిన. అక్కడ చూసుకునే సౌదీ అమ్మాయి, పేరు హిబా, నన్ను కిందికెళ్లి మీది దాంక చూసి ఇంగ్లీష్‌ల, "మీరు చిత్రకారులా?" అన్నది. డ్రాఫ్ట్స్‌మన్ అన్న. పెన్ను వద్దు, పెన్సిల్ సరే అన్నది.

మొదటి గదిల గోడ సగం ఆక్రమించిన కాగితం మీద సెవిల్ పట్నం. నడుమ నది, నది మీద పడవలను వరుసగ కట్టి చేసిన వంతెన, అటొడ్డున ఇంకో పేట. ఊరు దూరంగ గీసి, ముందట దుమ్ము రోడ్డు మీద మనుషులను పెద్దగ గీసిండు. గాడిద మీద కుండలు కట్టుకొని నీళ్లమ్మేటోడు. నల్లబట్ట ముఖం మీదికి లాగి ఒక్క కన్ను బయటపెట్టిన ఆడోళ్లు. వాళ్లు క్రైస్తవులేనని కింద రాసి ఉన్నది. ఒక దొర, ఆయన ఎనుక సామాను మోసే ఇద్దరు నల్లోళ్లు, బానిసలట. దునియాల ఉన్న వెండంతా ఆ ఒడ్డుకే వచ్చేదట, మోసినోళ్లు మాత్రం ఈ బొమ్మ అంచుకే మిగిలిన్రు. నాకు నీళ్లమ్మేటోడు మస్తు నచ్చిండు. గాడిద మొండికేసినట్టున్నది, ఆయన తాడు గుంజుతున్నడు. మా ఫారంల రోజూ చూసే కష్టమే.

రెండో గదిల రాజు ఊరూరికి పంపిన ప్రశ్నలు పెట్టిన్రు. మీ ఊరికి ఆ పేరు ఎట్లొచ్చింది, ఎన్ని ఇండ్లు, ఏం పండుతది, నీళ్లు యాడికెళ్లి తెచ్చుకుంటరు. ఊళ్లె పెద్దమనుషులు కూసోని చెప్తుంటే ఒకడు రాసుకున్నడట. మా దిక్కు పట్వారీ పహాణీ రాసినట్టే. కొందరు జవాబుతో పాటు ఊరి నక్షా గూడ గీసి పంపిన్రు; చర్చి ఇంతెత్తు, ఊరేమో గింతంత. కొలత లేదు, పాడు లేదు. నేనైతే ఆ నక్షా వాపసు పంపుదును.

మూడో గదిల మౌనిక చెప్పిన బొమ్మ. రెండు జానల పొడుగు, జానెడు వెడల్పు, గోధుమరంగు సిరా. పక్కన రాసింది చదివిన. గ్రనాడా రాజ్యం పడిపోయినంక అక్కడి ముసల్మానులను బలవంతంగ క్రైస్తవంల కలిపిన్రట. వాళ్లను మొరిస్కోలు అంటరు. మూడు నాలుగు తరాలు అట్ల బతికినంక, పదిహేడో శతాబ్దం మొదట్ల, అందరినీ ఓడలెక్కిచ్చి దేశం దాటిచ్చిన్రు. మా క్యాంపు భాషల చెప్పాలంటే ఊరు ఊరికే ఫైనల్ ఎగ్జిట్. మాకు ఎగ్జిట్ అంటే ఇంటికి పోవుడు. వాళ్లకు ఇల్లు ఇడిసిపెట్టుడు.

హిబా ఎక్కడికెళ్లో ఒక స్టూలు తెచ్చిపెట్టింది. పదకొండుకు మొదలుపెట్టిన. బొమ్మను మనసుల గడులు గడులుగ కోసుకొని, ఒక్కొక్క గడి దించిన. గుట్ట, గుట్ట మీద కోట గోడ, నలుచదరపు బురుజు, దర్వాజ, కిందికి దిగే బాట. గోడ రాళ్ల వరుసలు గూడ లెక్క తప్పలే. కింద ముందట రాతి తొట్టి, నీళ్లు పడే తూములు నాలుగు, తొట్టికెళ్లి తోటలకు పోయే కాలువ. నీళ్ల కాడ ముఖ్యం అన్నది గద. నా పద్దెనిమిదేండ్ల పనితనమంతా అక్కడ పెట్టిన. తూము తొట్టికి ఎంతెత్తుల ఉన్నది, నీళ్లు ఏ దిక్కు వాలుతయి, పొంగితే ఎటు పోతయి, అన్నీ ఏసిన.

అక్కడ ఒక తిప్పల వచ్చింది. తొట్టి ముందట మనుషులు నిలబడ్డరు. ఆడోళ్లు. వాళ్ల బట్టలు అడ్డమచ్చి తొట్టి మెట్లు కనపడ్తలేవు. ఐటీఐల మా సారు మొదటి రోజే చెప్పిండు, మనుషులు రేపు ఉండరు, గోడ ఉంటది, గోడ గీయాలె అని. సైటు మీద కూలోళ్లు నిలబడితే వాళ్ల ఎనుక పైపు ఎట్ల పోతున్నదో అంచనా కట్టి గీసుడు మా పని. అట్లనే ఈ ఆడోళ్ల ఎనుకున్న మెట్లను అటు ఇటు కొసలు చూసి అంచనా కట్టి, చుక్కల గీతతో పూర్తి చేసిన. మూడు మెట్లు. ఇది ఇంకెవ్వనికి చాతకాదు అనుకున్న. మనసు నిండింది.

ఒంటిగంటన్నరకు అయిపోయింది. ఆఖరి రోజని రెండింటికే మూసేస్తున్నరు. హిబా నా కాగితం చూసి, "చాలా శుభ్రంగా ఉంది," అన్నది. శుభ్రం అన్న మాట నాకు మెడల్ లెక్క వినిపిచ్చింది. బయటికొచ్చి మలయాళీ హోటల్‌ల పరోటా, చేపల పులుసు తిన్న, పద్దెనిమిది రియాళ్లు. చేతులు కడుక్కొని, కాగితం బల్ల మీద పరిచి ఫొటో తీసి మౌనికకు పంపిన. రెండుంబావు అయింది.

పది నిమిషాలకు ఆమెనే ఫోన్ చేసింది.

"బాపూ, గీత మస్తున్నది. మనుషులేరి?"

"ఏ మనుషులు?"

"తొట్టి కాడ ఆడోళ్లుంటరని కరపత్రంల రాసిన్రు. చిన్న బొమ్మల మచ్చల లెక్క కనపడ్డరు."

"ఉన్నరు బిడ్డా. వాళ్లు అడ్డమున్నరు. వాళ్ల ఎనుక మెట్లు గూడ గీసిన, చూడు."

"నీళ్ల కాడ ఏమున్నదో ఇడిసిపెట్టద్దు అన్న గద బాపూ," అన్నది మెల్లగ.

"తూములు గూడ లెక్కపెట్టిన గద."

"తూములు కాదు. ఆడోళ్లు. వాళ్లు ఏం కట్టుకున్నరో, ముఖం కప్పద్దని రాజు హుకుం వచ్చినంక గూడ కప్పుకున్నరో లేదో. నా చాప్టర్ అంతా అదే."

మెడల్ అప్పుడే ఊడిపోయింది. బ్యాగు భుజానేసుకొని ఆ ఎండల ఉరికిన. నలభై ఎనిమిదేండ్ల మనిషి బలద్ గల్లీల ఉరుకుతుంటే దుకాణాలోళ్లు దొంగ అనుకున్నరేమో. తలుపు సగం మూసి ఉన్నది. లోపట చెక్క పెట్టెలు, బొంగరం లెక్క తిరిగే పనోళ్లు. హిబా బయటికొచ్చింది. సంగతి చెప్పిన.

"ఆ బొమ్మనే ముందు పెట్టెలో పెట్టారు సార్. సీల్ వేశారు. నేను తీయలేను," అన్నది. నా ముఖం చూసి ఆమెకు గూడ బాధయింది. "నీకు గుర్తున్నది చెప్పు తల్లీ, ఆ ఆడోళ్లు ఎట్లున్నరు?" అన్న. ఆలోచించింది. "నెల రోజులు ఆ గదిలోనే నిలబడ్డాను. వచ్చేవాళ్లను చూశాను, బొమ్మను సరిగా చూడలేదు. ముగ్గురో నలుగురో," అన్నది. సేకరణదారుకు ఉత్తరం రాసుకునే అడ్రసు మాత్రం కాగితం మీద రాసిచ్చింది.

మౌనికకు చెప్పిన. తిడితే బాగుండు. "పోనీ బాపూ. అంత దూరం పోయినవ్, చాలు," అన్నది. చుట్టాలకు చెప్పినట్టు చెప్పింది. ఆ పోనీ అన్న మాట నా పానం తీసింది.

నాలుగింటి బస్సు ఎక్కిన. ఈసారి పక్కన మస్తాన్, ప్రొద్దుటూరాయన, రియాద్ బత్హాల అరబ్బోళ్లు తొడిగే పొడుగు అంగీలు, తోబులు, కుడతడు. నేను నోట్‌బుక్ తెరిచి మూస్తుంటే, "ఏందన్నా, ఏం పోగొట్టుకున్యావు?" అన్నడు. ఎవరికన్న చెప్పకుంటే కడుపు ఉబ్బేటట్టున్నది, అంతా చెప్పిన. ఆయన నవ్వలే. "కండ్లు మూసుకోన్నా. ఎంతమంది ఉండారు?" అన్నడు.

కండ్లు మూసుకున్న. మెట్లు కనపడ్డయి, తూములు కనపడ్డయి. మనుషుల జాగల తెల్లగ ఉన్నది. సిగ్గయింది. రెండున్నర గంటలు వాళ్ల ముందట కూసున్న, ఒక్కసారన్న పలకరిచ్చినట్టు చూడలే. ఇంటికి పోయినప్పుడు గూడ ఇదే చేస్త గద. మొన్న సెలవుల స్లాబు కారుతున్నదా, మోటరు నడుస్తున్నదా, గోడకు పగులొచ్చిందా అని చూసుకుంటనే రెండు నెలలు గడిచినయి. సుజాత ఏ రంగు చీర కట్టుకొని నన్ను బస్సెక్కియ్యనీకి వచ్చిందో ఇప్పుడడిగితే చెప్పలేను. మౌనిక నవ్వితే ఏ చెంప సొట్టపడ్తదో తెల్వది. ఫోన్‌ల రోజూ కనపడ్తరు, ఫోన్ పెట్టేస్తే వాళ్లు నా కండ్ల ముందటికి రారు. బస్సుల అందరి ముందట కండ్లల్ల నీళ్లొచ్చినయి.

మస్తాన్ కిటికీ దిక్కు ముఖం తిప్పుకున్నడు. జరసేపటికి, "ఒక్కరన్నా తట్టినారా?" అన్నడు.

ఒకామె తట్టింది. కుడి చివర. ఆమె దగ్గర మెట్టు కొస కొలిచేటప్పుడు చూసిన. బిందె నడుముకు ఆనిచ్చుకొని, నీళ్లు పట్టుకుంటలేదు, బాట దిక్కు చూస్తున్నది.

"గుడ్డ నెత్తి మీంచి వచ్చిందా, భుజం మీంచా?"

"నెత్తి మీదికెళ్లి. కాళ్ల దాంక."

"చేతులు యాడుండాయి? కుట్టే వాడికి చెయ్యి తెలిస్తే సాలు, మిగిలిందంతా తెలుస్తాది."

చేతులు. బిందె అంచు మీద ఒకటి, అడుగున ఒకటి. రెండూ బిందె మీదనే. మెట్టు కొస ఆ కింది మోచేతి దగ్గరనే ఆగింది, అందుకే యాదికున్నది.

"అట్లయితే ముఖం కప్పల్యా," అన్నడు మస్తాన్. "అంత పొడుగు గుడ్డ చేత్తో పట్టుకోకుంటే ముఖం మీద నిలవదు."

అప్పుడు ముఖం యాదికొచ్చింది. చిన్న ముక్కు గీత, రెండు చుక్కలు కండ్లు. ఖాళీ ముఖం కాదు. ఎడమ దిక్కు ఇంకో ఇద్దరున్నరు, ఒకామె వంగింది, ఒకామె ఎనుక్కి తిరిగింది. వాళ్ల ముఖాలు ఎంత గుంజినా రాలే.

నాకు దుర్బుద్ధి పుట్టింది, దాచి ఏం లాభం. మౌనిక మాటల తీరు చూస్తే వాళ్లు హుకుంను లెక్కచెయ్యకుంట ముఖాలు కప్పుకున్నరని తేలాలె అని ఆమెకున్నట్టు తోచింది. మూడు ముఖాలకు మూడు ముసుగులు ఏసుడు నాకు మూడు నిమిషాల పని. పెట్టె సీలయింది, అడిగేటోడు లేడు. బిడ్డ చాప్టర్ నిలబడ్తది, బాపు నిలబడ్తడు. పెన్సిల్ కాగితం మీద ఆనిచ్చిన గూడ. చెయ్యి కదలలే. చూడని పైపును చూసినట్టు గీస్తే రేపు గునపం దిగేది యాడనో మా పనిల అందరికీ ఎరికే.

బస్సు కుదుపులల్లనే గీసిన. బిందె ఆమెను నిండు గీతల, ముఖం తెరిచి. ఎడమ దిక్కు ఇద్దరిని చుక్కల గీతల, ముఖాలు ఖాళీగ. మస్తాన్ కుచ్చిళ్లు యాడ పడ్తయో వేలితో చూపెట్టి, "ఇది నా ఊహ, ఇది గీయొద్దు," అని వేలు తీసేసిండు. మంచి పనోడు.

తాయిఫ్ దాటినంక ఒక బంకు కాడ అరగంట ఆపిన్రు. ఏడు కావస్తున్నది. కొండ మీద ఇంకా జర ఎర్రగ ఉన్నది, సల్లటి గాలి. రెండు రియాళ్ల చాయ్ తీసుకొని బయట అరుగు మీద కూసోని ఫొటో పంపిన. జెద్దాకు ఎవరన్న పోతే బలద్ తప్పకుంట చూడున్రి. ఇసొంటి ప్రదర్శన మళ్ల ఏదన్న పెడితే పోన్రి, ఫోన్ లేకుంట పోవుడే మంచిది. నేను చెప్పేది ఒక్కటే: ఊరిని తర్వాత చూడున్రి, ముందుగాల బొమ్మ అడుగున నిలబడ్డోళ్లను చూడున్రి. కోటలు ఎట్లాగూ కనపడ్తయి.

ఫోన్ మోగింది.

"బాపూ, ఈ చుక్కల గీతలేంది?"

"వాళ్లు ఉన్నరని తెలుసు. ఎట్లున్నరో తెల్వది. తెల్వని కాడ మేం చుక్కలు పెడ్తం."

"కుడి దిక్కు ఆమె?"

"ఆమె ఖాయం. రెండు చేతులు బిందె మీదున్నయి. పొడుగు బట్ట నెత్తి మీదికెళ్లి కాళ్ల దాంక. ముఖం తెరిచి ఉన్నది. నువ్వు అనుకున్నట్టు కాకపోవచ్చు బిడ్డా, నేను చూసింది ఇదే."

ఇగ ఆమె చాప్టర్ పోయింది అనుకున్న. "వాళ్ల పాత తీరు బట్ట కట్టుకొని, ముఖం తెరిచి," అని తనకు తానే చెప్పుకున్నది. తర్వాత గబగబ చెప్పవట్టింది. మొరిస్కోల బట్టలు కట్టద్దని హుకుం వచ్చినప్పుడు, ఉన్న బట్టలు చినిగేదాంక జర గడువిచ్చిన్రట, పట్టుబట్టకు ఏడాది, ఉన్ని బట్టకు రెండేండ్లు. ముఖం మాత్రం ఎంటనే తెరవాలె అన్నరట. "బట్ట వాళ్ల పాత తీరుది, ముఖం తెరిచింది అంటే ఈ బొమ్మ ఆ గడువుల గీసింది కావచ్చు బాపూ. ఖాయంగ చెప్పలేను. అసలు బొమ్మ చూపెట్టమని సేకరణదారుకు రాస్త, నీ గీత జతపెడ్త. మేడంకు చూపెట్టనీకి ఇది చాలు. అందరూ కప్పుకున్నరని నువ్వు గీస్తే నేను నమ్మి తప్పు రాసేదాన్ని."

తీసుకున్న చాయ్ సగం గ్లాసులనే ఉన్నది. కట్టుకున్నది చినిగేదాంకనే వాళ్లకు గడువు అంటే, ఆ బిందె ఆమె అన్ని దినాలు ఆ ఒక్క జత ఎంత పదిలంగ ఉతుక్కున్నదో అనిపిచ్చింది.

"చూసిన మనిషి వివరం అడుగున రాయాలె బాపూ," అన్నది మౌనిక. కీబోర్డు చప్పుడు వినపడ్తున్నది. "పేరు రాజేశం. పని డ్రాఫ్ట్స్‌మన్. నివాసం ఏమని రాయాలె?"

అల్ ఖర్జ్ అననీకి నోరు తెరిచిన. అది క్యాంపు, ఇల్లు కాదు. మా ఊరి పేరు చెప్దామంటే, పద్దెనిమిదేండ్లల్ల నేను అక్కడ ఉన్నదంతా కలిపితే ఏడాదిన్నర గూడ దాటది.

"పుస్తకం ఎప్పుడియ్యాలె?" అన్న.

"ఇంకా ఏడాది ఉన్నది."

"అయితే ఆ ఒక్కటి ఇప్పుడే నింపకు."

చప్పుడు ఆగింది. డ్రైవర్ హారన్ కొడుతున్నడు, మస్తాన్ బస్సు మెట్ల మీదికెళ్లి చెయ్యి ఊపుతున్నడు.

"ఖాళీగ ఉంటే మేడం ఒప్పుకోది బాపూ," అన్నది. ఆమె గొంతు ఆరేండ్ల పిల్ల గొంతు అయింది. "జల్ది రా మరి."